బదిలీ బజారు: కౌటిల్యుడి నుంచి కర్నూలు కాలవ దాకా

మధ్యాహ్నం భోజనాల దగ్గర అవినీతి ప్రస్తావన వచ్చిందంటే మన ఆఫీసుల్లో చర్చ రెండే రెండు దారుల్లో పోతుంది. ఒకాయన "అది మన రక్తంలోనే ఉందండీ" అంటాడు. ఇంకొకాయన "అదే సింగపూర్‌లో అయితేనా..." అని మొదలెడతాడు. పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ ఒక ఒప్పందానికొస్తారు: ఈ దేశం బాగుపడదు. చేతులు కడుక్కుని ఎవరి సీటుకి వాళ్ళు వెళ్ళిపోతారు.

నాకీ రెండు మాటల మీదా చిరాకు. అర్ధరాత్రి సర్వర్ పడిపోయినప్పుడు "ఈ కోడ్ రాసినవాడి గుణం మంచిది కాదు" అని చెప్పి ఫోన్ పెట్టేస్తే మేనేజరు ఊరుకుంటాడా? లాగ్ ఫైలు తెరిచి, ఎక్కడ మొదలైంది, ఏది దేన్ని పిలిచింది అని చూడాల్సిందే. అవినీతికి కూడా అలాంటి లాగ్ ఫైళ్ళున్నాయి. పండితులు ఏళ్ళ తరబడి కూర్చుని రాసిన లావుపాటి పుస్తకాలు. పేపర్లో వచ్చే "ఏసీబీ వలలో ఫలానా అధికారి" వార్తలాగా అవి కోపం తెప్పించవు, చాలాచోట్ల చప్పగా కూడా ఉంటాయి. కానీ చదివాక ఆ వార్తని మళ్ళీ పాత కళ్ళతో చూడలేం.

ఈ రెండేళ్ళలో శని, ఆదివారాలు కూర్చుని అలాంటివి మూడు పూర్తి చేశాను. ఒకటి కౌటిల్యుడి అర్థశాస్త్రం. రెండోది కంపెనీ నాటి గుంటూరు జిల్లా చరిత్ర. మూడోది కర్నూలు జిల్లా కాలవల మీద జరిగిన పరిశోధన. మొదటిదానికీ చివరిదానికీ మధ్య దాదాపు రెండు వేల ఏళ్ళ దూరం. అయినా ఒకే మాట మూడు చోట్లా తగిలింది: బదిలీ. మొదటి పుస్తకంలో అది రోగానికి మందు. మూడోదానికి వచ్చేసరికి అదే రోగం. మధ్యలో ఏమయిందన్నదే ఈ టపా.

ముందు అర్థశాస్త్రం. ఈ పుస్తకం పేరు పండితులకి ఎప్పటినుంచో తెలుసుగానీ, అసలు పుస్తకం మాత్రం చాలాకాలం దొరకలేదు. వేరే గ్రంథాల్లో ఉదహరించిన ముక్కలే మిగిలాయి. తంజావూరు జిల్లాకి చెందిన ఒక పండితుడు ఒక తాళపత్ర ప్రతిని మైసూరు ప్రాచ్య గ్రంథాలయానికి తెచ్చి ఇచ్చాడు. అక్కడ లైబ్రేరియన్‌గా ఉన్న ఆర్. శామశాస్త్రి గారు అదేమిటో గుర్తుపట్టారు. 1909లో మూలం, 1915లో పూర్తి ఇంగ్లీషు అనువాదం అచ్చయ్యాయి. అంటే మనం స్కూల్లో "మౌర్యుల కాలం నాటి మహాగ్రంథం" అని చదువుకున్న పుస్తకం అచ్చులోకి వచ్చి నూట ఇరవై ఏళ్ళు కూడా కాలేదు.

అది చాణక్యుడే రాశాడా అన్నది వేరే గొడవ. ఇందులో మనవాళ్ళకి నచ్చే సంగతొకటుంది. 1971లో థామస్ ట్రౌట్‌మన్ అనే అమెరికన్ చరిత్రకారుడు ఈ ప్రశ్నని గణాంకాలతో పట్టుకున్నాడు. చ, వా, ఏవ లాంటి చిన్న చిన్న మాటలు ఒక్కో అధికరణంలో ఎంత తరచుగా వస్తున్నాయో లెక్కపెట్టి, పెద్ద అధికరణాలు ఒకే చేతి రాతలా లేవని తేల్చాడు. ఇప్పుడైతే మన కుర్రాళ్ళు దీన్ని వారాంతం ప్రాజెక్టుగా చేసి పారేస్తారు. ప్యాట్రిక్ ఒలివెల్ 2013లో వేసిన కొత్త అనువాదంలో కూడా ఈ గ్రంథాన్ని మౌర్యుల తర్వాతి శతాబ్దాల్లోనే పెట్టాడు. నేను మాత్రం అలవాటు కొద్దీ కౌటిల్యుడనే అంటాను.

రెండో అధికరణం ఎనిమిదో అధ్యాయంలో ఉద్యోగులు ఖజానా సొమ్ము కాజేసే 40 పద్ధతుల జాబితా ఉంది. చదువుతుంటే ఆడిట్ అబ్జెక్షన్లు చదువుతున్నట్టే అనిపిస్తుంది. ముందు వసూలైన డబ్బుని తర్వాత వచ్చినట్టు రాయడం, రానిది వచ్చినట్టూ వచ్చింది రానట్టూ చూపడం, ఒకడి దగ్గర తీసుకుని ఇంకొకడి పేరున జమ కట్టడం, తూకంలో తేడా, కొలతలో తేడా, చివరికి నెలలో ఎన్ని రోజులన్న లెక్కలో కూడా తేడా! వార్షిక లెక్కలన్నీ ఆషాఢ మాసంలో రాజధానికి తెచ్చి అప్పజెప్పాలని ఇంకోచోట నియమం. ఆషాఢం కొత్త దంపతులకే గడ్డుకాలం అనుకునేవాణ్ణి, గుమాస్తాలకి కూడానట :) దొంగతనం బయటపెట్టి నిరూపించిన వాడికి ఆ సొమ్ములో ఆరో వంతు బహుమానం. చెప్పినవాడు ప్రభుత్వోద్యోగే అయితే పన్నెండో వంతు. ఇప్పుడు మనం విజిల్‌బ్లోయర్ అంటున్నామే, వాడికి అప్పుడే రేటు కట్టారన్నమాట.

నీళ్ళలో తిరిగే చేప నీళ్ళు తాగుతోందో లేదో ఎలా తెలుస్తుంది అన్న ప్రసిద్ధమైన పోలిక ఆ తర్వాతి అధ్యాయంలోదే. వాట్సాప్‌లో తెగ తిరుగుతుంది. చాలామంది అక్కడితో ఆపేస్తారు, "చూశారా, అప్పుడూ ఇంతే" అనడానికి పనికొస్తుంది కాబట్టి. అసలు సరుకు ఆ పోలిక చుట్టుపక్కల ఉంది. ఏ శాఖకైనా ఒక్కడే పెద్ద ఉండకూడదు, ఉన్నవాళ్ళు శాశ్వతంగా ఉండకూడదు అంటాడు. తిని బలిసిన వాళ్ళ చేత కక్కించి, వాళ్ళని వేరే పనుల్లోకి మార్చమంటాడు. ఆ వెంటనే అధ్యాయం ముగిస్తూ ఇంకో మాట: తినకుండా, న్యాయంగా ఆదాయం పెంచేవాళ్ళని మాత్రం ఆ పోస్టుల్లో శాశ్వతంగా ఉంచాలి.

ఈ చివరి మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. తినేవాణ్ణి కదిలించు, తిననివాణ్ణి కదిలించకు. అంటే బదిలీ అందరికీ వర్తించే సర్వీసు రూలు కాదు. మనిషిని చూసి వాడాల్సిన మందు. మరి చూసేదెవరు? రాజు. రాజుకి చెప్పేదెవరు? గూఢచారులు. మొత్తం డిజైనంతా ఆ పై కన్ను సరిగ్గా చూస్తుందన్న నమ్మకం మీదే నిలబడింది. పైనున్నవాడికే అందులో వాటా ఉంటే ఏమవుతుందన్న కేసు ఆ పుస్తకంలో హ్యాండిల్ చెయ్యలేదు.

ఎందుకు చెయ్యలేదో ఐదో అధికరణం చూస్తే అర్థమవుతుంది. ఖజానా ఖాళీ అయినప్పుడు రాజు ఏం చెయ్యాలో అక్కడుంది. దేవాలయాల అధ్యక్షుడు గుళ్ళ సొమ్మంతా ఒకచోటికి చేర్చి రాజుకి అప్పజెప్పాలి. రాత్రికి రాత్రి ఒక దేవుణ్ణి వెలయించి, జాతర పెట్టించి, వచ్చిన కానుకలు తీసుకోవాలి. గుడి తోటలో ఒక చెట్టు అకాలంలో పూసిందనో కాసిందనో చూపించి దేవుడొచ్చాడని ప్రచారం చెయ్యాలి. బావిలో ఎన్నో తలల పామునొకదాన్ని చూపించి చూసినవాళ్ళ దగ్గర డబ్బు తీసుకోవాలి. నమ్మని వాళ్ళుంటే వాళ్ళకి విషం సంగతి చూసి, అది దేవుడి శాపమని చెప్పాలి! పాణినికి భాష్యం రాసిన పతంజలి కూడా ఒకచోట, బంగారం మీద ఆశతో మౌర్యులు దేవతా ప్రతిమలు చేయించారని మాటవరసకి అనేసి వెళ్ళిపోతాడు.

గుడికి క్రమం తప్పకుండా వెళ్ళే నా ఫ్రెండొకడికి ఇది చెప్తే "హిందూ మతాన్ని తిట్టడానికి ఎవడో కల్పించి ఉంటాడు" అన్నాడు. కాదు, ఇది మన సంస్కృత గ్రంథమే, రాసినవాడు వేదాల్ని ఒప్పుకున్నవాడే. నన్ను ఆపింది వేరే విషయం. గుమాస్తా రాజు సొమ్ము తినే దారులు నలభై లెక్కపెట్టిన ఈ మేధావికి, రాజు భక్తుల సొమ్ము తినడం దొంగతనంగా కనిపించలేదు. అది ఆదాయ వనరు. ఆయన దృష్టిలో అవినీతి అంటే ఖజానాకి జరిగే నష్టం మాత్రమే. జనానికి జరిగేది వేరే పద్దు.

ఈ చూపు కౌటిల్యుడితో పోలేదు. తిరుమల గుడి ఆదాయాన్ని ఈస్టిండియా కంపెనీ 1801 నుంచి 1843 దాకా తన అధికారుల చేత వసూలు చేయించుకుంది. 1821లో బ్రూస్ కోడ్ అని గుడి నిర్వహణకి నియమావళి కూడా రాయించింది. క్రైస్తవ ప్రభుత్వం విగ్రహారాధన సొమ్ము తినడమేంటని ఇంగ్లండులో మిషనరీలు గోల పెట్టాకే హాథీరాంజీ మఠానికి అప్పగించి చేతులు దులుపుకుంది. 1933లో దేవస్థానం కమిటీ ఏర్పడేదాకా నిర్వహణ ఆ మహంతులదే. కౌటిల్యుడి దేవతాధ్యక్షుడు చూసి ఉంటే కంపెనీ వారిని మెచ్చుకునేవాడు. విషం అవసరం లేకుండానే పని జరిగింది కదా.

ఇహ రెండో పుస్తకం. రాబర్ట్ ఫ్రైకెన్‌బర్గ్ అని విస్కాన్సిన్ యూనివర్సిటీలో ప్రొఫెసరు. 1965లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు ఆయన పుస్తకం వేశారు. విషయం ఒక్కటే జిల్లా, గుంటూరు. 1788లో నిజాం నుంచి కంపెనీ చేతికొచ్చిన దగ్గర్నుంచి 1848 దాకా అరవై ఏళ్ళు. ఒక్క జిల్లా మీద అంత పుస్తకమా అనుకున్నాను గానీ, థ్రిల్లర్ చదివినట్టు చదివాను.

పరిస్థితి ఇదీ. కలెక్టరు దొర వస్తాడు. ఆయనకి తెలుగు రాదు, వచ్చినా అంతంత మాత్రం. కచేరీ లెక్కలు మరాఠీలో ఉంటాయి, అది అసలే రాదు. జిల్లా కచేరీలో శిరస్తాదారు, కింద తాలూకాల్లో అమీనులు, వాళ్ళ కింద గుమాస్తాలు. ఎక్కువమంది దేశస్థ బ్రాహ్మణ కుటుంబాల వాళ్ళు, ఒకరికొకరు బావలు, మేనల్లుళ్ళు, వియ్యంకులు. అందరికంటే కింద, ఊళ్ళో, కరణం. ఏ పొలం ఎంత, ఏది మాగాణి, ఏది మెట్ట, ఎవరు సాగు చేస్తున్నారు అన్నది ఆ కరణం లెక్కలో ఉంటుంది, ఆయన బుర్రలో ఇంకొంచెం ఎక్కువ ఉంటుంది. దొర కొన్నేళ్ళకి వెళ్ళిపోతాడు. శిరస్తాదారు ఉంటాడు. శిరస్తాదారు పోయినా ఆయన మేనల్లుడుంటాడు. కరణం ఎక్కడికీ పోడు.

మన భాషలో చెప్పాలంటే డేటాబేసు పాస్‌వర్డ్ అంతా కింద వాళ్ళ దగ్గరుంది, పైనున్నాయన చేతిలో డ్యాష్‌బోర్డు మాత్రమే ఉంది. ఆ డ్యాష్‌బోర్డుని నింపేది కూడా కింద వాళ్ళే.

ఈ లోపల పై అధికారాన్ని చెదలు తిన్నట్టు తినేశారని ఫ్రైకెన్‌బర్గ్ వాదన. బయటికి తలుపు తలుపులాగే ఉంటుంది, రంగు కూడా పోదు, తోస్తే పొడి రాలుతుంది. ఏటేటా జమాబందీ జరుగుతూనే ఉంటుంది, దస్త్రాలు మద్రాసుకి వెళ్తూనే ఉంటాయి, శిస్తు మాత్రం రావలసినంత రాదు. దానికి తోడు 1832-33లో నందన కరువు. జిల్లాలో ఐదు లక్షల మంది ఉంటే రెండు లక్షల దాకా పోయారని లెక్క. కరువు తర్వాత ఏ పొలం నిజంగా పాడుపడింది, ఏది కాగితం మీద పాడుపడింది అని తేల్చే నాథుడే లేడు.

చివరికి 1845లో వాల్టర్ ఇలియట్‌ని విచారణకి పంపారు. ఈ పేరు మీరు విని ఉంటారు. అదే ఏడాది అమరావతి స్తూపం తవ్వించిన దొర ఈయనే. ఆయన మద్రాసుకి పంపిన ఆ సున్నపురాతి శిల్పాలే తర్వాత బ్రిటిష్ మ్యూజియంకి చేరాయి. ఒక చేత్తో గుంటూరు లెక్కల పుస్తకాలు తవ్వాడు, ఇంకో చేత్తో అమరావతి దిబ్బ తవ్వాడు. రెండో తవ్వకం సంగతే లోకానికి గుర్తుంది. 1859లో కంపెనీ పోయి రాణీ ప్రభుత్వం వచ్చాక గుంటూరు జిల్లానే ఎత్తేసి కృష్ణా, నెల్లూరు జిల్లాల్లో కలిపేశారు. మళ్ళీ 1904లో గానీ జిల్లా కాలేదు. ఉద్యోగుల్నే కాదు, ఏకంగా జిల్లానే బదిలీ చేసేశారనుకోవచ్చు.

ఇక్కడ నాకు ఫ్రైకెన్‌బర్గ్‌తో ఒక పేచీ ఉంది. ఊళ్ళు భూమిని దాచడంలో కంపెనీ వసూళ్ళ నుంచి తమని తాము కాపాడుకోవడం కూడా ఉందని ఆ పుస్తకం చదివితే అర్థమవుతుంది. అది నిజమే, శిస్తు భారం అలాంటిది. కానీ దాచిన ఎకరాల ఫలితం ఎవరికి దక్కింది? పెద్ద రైతులకీ, కరణానికీ, కచేరీకీ. నందన కరువులో పోయిన రెండు లక్షల్లో పాలేర్లూ కూలీలూ ఎంతమందో ఆ దస్త్రాల్లో దొరకదు. ఖజానాకి నష్టమా, స్థానికులకి లాభమా అన్న లెక్కలో ఆ మనుషులు ఏ పద్దులోకీ రారు. కౌటిల్యుడి చూపే ఇది కూడా, కోటు వేసుకుంది అంతే.

ఆ అనుభవాల నుంచి మద్రాసు ప్రభుత్వం పాఠం నేర్చుకుంది. నెల్లూరు జిల్లాలో ఒకే కుటుంబానికి చెందిన వాళ్ళు 49 మంది రెవెన్యూ కొలువుల్లో ఉన్నారని తేలింది. 1854లో రెవెన్యూ బోర్డు ఒక ఉత్తర్వు ఇచ్చింది. జిల్లా ఉద్యోగాలు కొన్ని పలుకుబడి గల కుటుంబాల గుత్తాధిపత్యం కాకుండా కలెక్టర్లు చూడాలి, ముఖ్యమైన కొలువుల్ని వేరు వేరు కులాల వాళ్ళకి పంచాలి అని. తర్వాత దక్షిణాదిన వచ్చిన రిజర్వేషన్ల చరిత్రని చాలామంది ఇక్కడినుంచే మొదలెడతారు. సామాజిక న్యాయం మీద ప్రేమతో కాకపోయినా, శిస్తు పోతోందన్న భయంతోనైనా ఒక మంచి పని జరిగింది. దాంతోపాటే స్థానిక బంధాల్లో పాతుకుపోకుండా ఉద్యోగుల్ని కదుపుతూ ఉండాలన్న సూత్రం కూడా ప్రభుత్వాల ఒంటికి పట్టేసింది. కౌటిల్యుడి శ్లోకంలో సగం అన్నమాట. రెండో సగాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

మధ్యలో చాలా జరిగింది. 1874లో కందుకూరి వీరేశలింగం గారు వివేకవర్ధని మొదలుపెట్టి రాజమండ్రి కోర్టుల్లో లంచాల్ని బట్టబయలు చేశారు. స్వాతంత్ర్యం వచ్చాక 1964లో సంతానం కమిటీ నివేదిక, దాంతో విజిలెన్స్ కమిషన్. 1968లో గున్నార్ మిర్డాల్ తన ఏషియన్ డ్రామాలో, దక్షిణాసియాలో అవినీతి గురించి అందరూ కథలు చెప్పుకుంటారు గానీ పరిశోధకులు మాత్రం దాన్ని ముట్టుకోరని విసుక్కున్నాడు. ఆ విసుగుకి జవాబు మన కర్నూల్లోనే దొరికింది.

రాబర్ట్ వేడ్ న్యూజిలాండ్ దేశస్థుడు. 1970ల చివర్లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో కాలవల కింద సాగు ఎలా జరుగుతుందో చూడ్డానికి వచ్చాడు. ఆయన వచ్చింది అవినీతి మీద రాయడానికి కాదు. నీళ్ళు చివరి పొలందాకా ఎందుకు రావడం లేదన్నది ఆయన ప్రశ్న. దాన్ని పట్టుకుని పోతూ పోతూ ఇంకోచోట తేలాడు. 1982లో ఒక పరిశోధనా పత్రిక వేసిన ఆయన వ్యాసంలో రాష్ట్రం పేరుండదు, "దక్షిణ భారతదేశం" అని మాత్రమే ఉంటుంది. చదివిన తెలుగువాడికి పేరు అక్కర్లేదు.

అందులో ఉన్న పాత్రలన్నీ మన బాపతే, ఇంజినీర్లు. ఏఈ, డీఈ, ఈఈ, ఎస్ఈ, సీఈ. కాలవ మరమ్మతు పనుల్లో ఎనిమిదిన్నర శాతం మామూలుగా పంచుకునే వాటా: రెండున్నర ఈఈకి, ఒక శాతం ఆఫీసు గుమాస్తాలకీ డ్రాఫ్ట్స్‌మెన్‌కీ, ఐదు శాతం కింది ఇంజినీర్లకి. దానికి పైన, పని నాసిగా చేసి కాంట్రాక్టరు మిగుల్చుకునేది వేరు. రెండో రాబడి రైతుల నుంచి. నీళ్ళు కావాలంటే ఎకరానికి ఇంత. ఇక్కడ వేడ్ గమనించిన విషయం చదివి నాకు కడుపులో తిప్పింది. నీళ్ళు ఠంచనుగా వస్తే రైతు డబ్బెందుకిస్తాడు? వస్తాయో రావో తెలియనప్పుడే ఇస్తాడు. కాబట్టి ఆ తెలియనితనం అలా ఉండడమే లాభం. ఎండిపోయిన చివరి మడి ఈ సిస్టంలో బగ్ కాదు, ఫీచర్.

సరే, అంత డబ్బు ఇంజినీరు ఏం చేసుకుంటాడు? ఎక్కువ భాగం పైకి వెళ్తుంది. ఎందుకంటే ఆ పోస్టు ఆయన కొనుక్కున్నది. రాబడి ఉన్న కాలవ డివిజన్‌కి ఒక ధర, డిజైన్ల సెక్షన్‌కి దాదాపు ఏమీ లేదు. గడువు రెండేళ్ళు. ఆ లోపల పెట్టింది రాబట్టుకుని, తర్వాతి పోస్టుకి కూడా కూడబెట్టాలి. ఆ డబ్బులో వాటా పై అధికారులకీ, ఎమ్మెల్యేకీ, మంత్రికీ. వాళ్ళకి ఎన్నికల ఖర్చుంది కదా. 1985లో రాసిన ఇంకో వ్యాసంలో దీనికి పేరు కూడా పెట్టాడు: ప్రభుత్వ పదవుల మార్కెట్టు. ఆ మార్కెట్టు నడవాలంటే సరుకు చేతులు మారుతూ ఉండాలి. చేతులు మార్చే యంత్రం బదిలీ. ఎవడూ పాతుకుపోకూడదని పెట్టిన రూలు, ఎవడూ కొనకుండా ఉండలేని బజారయింది.

ఈ బజారులో తిననివాడి గతేమిటి? మా పెదనాన్న ఒక కాలవ డివిజన్‌లో ఏఈగా చేరి డీఈగా రిటైరయ్యారు. ఏ జిల్లానో చెప్పను. 29 ఏళ్ళలో 14 బదిలీలు. మా పెద్దమ్మ అట్టపెట్టెలు ఎప్పుడూ పారేసేది కాదు, అటక మీద మడిచి పెట్టి ఉంచేది. మా అన్నయ్య పదో తరగతిలోపు ఆరు స్కూళ్ళు మారాడు. వేడ్ వ్యాసం చదివాక నేను ఆయన్ని అడిగాను, "పెదనాన్నా, మీ రోజుల్లో నిజంగా ఇలాగే ఉండేదా?" అని. ఆయన కాసేపు ఊరుకుని, "ఒరేయ్, తినడం మానేస్తే సరిపోదురా అక్కడ. పైవాళ్ళకి అందాల్సింది నీ దగ్గర ఆగిపోతుంది. అందుకని నిన్ను పక్కకి జరుపుతారు. కోపంతో కూడా కాదు, పైపులో రాయి అడ్డుపడితే తీసేసినట్టు" అన్నారు. కౌటిల్యుడు కదిలించవద్దన్న మనిషి ఆయనే. ఆయన్నే అందరికంటే ఎక్కువ కదిలించారు.

వేడ్ ఇక్కడితో ఆగిపోయి ఉంటే మన భోజనాల బల్ల దగ్గర "చెప్పాను కదా" అనేవాళ్ళు ఇంకొకరు పెరిగేవాళ్ళు. కానీ 1988లో వచ్చిన పుస్తకం, విలేజ్ రిపబ్లిక్స్, అదే కాలవల కింద ఊళ్ళ గురించి. కర్నూలు జిల్లాలో కాలవ కింద 31 ఊళ్ళు తిరిగాడు. అందులో ఒకదానికి కొత్తపల్లె అని మారుపేరు పెట్టి వివరంగా రాశాడు. ఆ ఊళ్ళో ప్రభుత్వ పంచాయతీతో సంబంధం లేకుండా ఊరి పెద్దలే నడిపే ఒక ఏర్పాటుంది. నీళ్ళు పంచడానికి ఊరంతటికీ కలిపి నీరుగంటివాళ్ళు, పైరు కాయడానికి కావలివాళ్ళు, ఊరికి సొంత నిధి. కోతలయ్యాక పొలాల్లో గొర్రెల్ని మేపుకునే హక్కు బయటి కాపరులకి అమ్మితే వచ్చే డబ్బు, సారా హక్కు వేలం డబ్బు ఆ నిధిలోకి పోతాయి. గుడి పనులకీ, బావుల బాగుచేతకీ, కోతుల్ని పట్టించడానికీ ఖర్చు పెడతారు. అవసరమైతే కాలవ అధికార్లకి ఇచ్చుకోవడానికి కూడా అందులోంచే! లంచం కూడా ఉమ్మడి ఖర్చే అక్కడ, లెక్క రాసి మరీ.

అన్ని ఊళ్ళలో ఇలా లేదు. కాలవ మొదట్లో ఉన్న ఊళ్ళలో కనపడలేదు, చివర ఉన్న ఊళ్ళలో కనపడింది. మొదటి ఊరివాడికి నీళ్ళు ఎలాగూ అందుతాయి. చివరి ఊరివాడికి ఒంటరిగా పోతే గింజ చేతికి రాదు. ఒకే జిల్లా, ఒకే భాష, అవే కులాలు, అదే దేవుడు. కొన్ని మైళ్ళ తేడాలో మనుషులు వేరేగా ప్రవర్తించారు. రక్తంలో ఉందనేవాళ్ళకి ఇంతకంటే ఏం చెప్పాలి? ఎలినార్ ఆస్ట్రమ్ ఉమ్మడి వనరుల మీద చేసిన పనికి 2009లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. ఆమె ఆధారపడిన పరిశోధనల్లో వేడ్ గారి ఈ కర్నూలు పుస్తకం ఒకటి. ఆ జిల్లా నుంచి వచ్చిన నా కొలీగ్స్ నలుగురిని అడిగాను, ఒక్కరూ దీని పేరు వినలేదు.

ఆ ఊరి ఏర్పాటుని మరీ ఆకాశానికి ఎత్తనక్కర్లేదు. పెద్దలంటే భూములున్న పెద్దలే. పొలం లేనివాడికి ఆ నిధి మీద మాట్లాడే హక్కు పెద్దగా లేదు. 1997లో ప్రభుత్వం చట్టం చేసి నీటి సంఘాలు పెట్టినప్పుడు ఎన్నికలొచ్చాయి, ఎన్నికలతో పార్టీలొచ్చాయి. అది ఇంకో పెద్ద కథ.

బదిలీల సంగతికొస్తే, లక్ష్మీ అయ్యర్, ఆనంది మణి అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2012లో ఐఏఎస్ అధికారుల రికార్డులన్నీ తిరగేసి చూశారు. ఒక పోస్టులో సగటున ఉండేది 16 నెలలట. ముఖ్యమంత్రి మారితే బదిలీలు పెరుగుతాయట. 16 నెలల్లో ఒక కోడ్‌బేసు అర్థం కాదు మనకి, వాళ్ళకి ఒక జిల్లా అర్థమవ్వాలి. 2006లో పోలీసుల విషయంలో, 2013లో టీఎస్ఆర్ సుబ్రమణియన్ కేసులో సివిల్ సర్వీసుల విషయంలో సుప్రీంకోర్టు ఒక్కటే మాట చెప్పింది. పోస్టులో కనీస గడువు పెట్టండి, ఆ లోపల కదపాలంటే కారణం రాయండి అని. శ్లోకంలో మిగిలిపోయిన రెండో సగం ఇన్నాళ్ళకి కోర్టు నోట వచ్చింది. ఇక్కడ ఇంకో ఉదాహరణ కూడా చెప్పాలి. టీచర్ల బదిలీలకి మన దగ్గర పాయింట్లు, సీనియారిటీ, ఖాళీల జాబితా, ఆన్‌లైన్ ఆప్షన్లు వచ్చాయి. ఆ పోర్టల్ చివరి రోజు హ్యాంగ్ అవుతుందని మా అక్క తిట్టుకుంటుంది, నిజమే. కానీ ఎవరికి ఏ ఊరన్నది జాబితాలో తేలిపోతే, ఆ మేరకి అమ్మడానికి సరుకుండదు. నీతి బోధనలు చేసినవాళ్ళకంటే ఆ ర్యాంకు లిస్టు రాసినవాడు ఎక్కువ మేలు చేశాడని నా అభిప్రాయం.

కాలవ డివిజన్లలో ఎవరు ఎన్ని నెలలు ఉన్నారన్న లెక్క ఎక్కడైనా ఒకచోట ఉందా అని వెతికాను. నాకు దొరకలేదు. అందుకని పోయిన నెల ఒక ఈఈ ఆఫీసుకి పది రూపాయల స్టాంపు అంటించి ఆర్టీఐ దరఖాస్తు పెట్టాను. 1995 నుంచి ఆ డివిజన్‌లో పనిచేసిన ఇంజినీర్ల హోదా, చేరిన తేదీ, వెళ్ళిన తేదీ. పేర్లు అక్కర్లేదని రాశాను. పెదనాన్నకి చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని చదివి, "చేరిన తేదీ, వెళ్ళిన తేదీ సరే. ఎక్కణ్ణుంచి వచ్చాడు, ఎక్కడికెళ్ళాడు అని కూడా అడగరా, అసలు లెక్క అందులో ఉంటుంది" అన్నారు. ఆ రెండు కాలమ్స్‌తో రెండో దరఖాస్తు మొన్న సోమవారం పోస్టు చేశాను.